కిటికీ మీద గోడలో రైలు పట్టా ఉంది, బ్లైండ్ బిగించేదెలా?

నైట్‌షిఫ్ట్ శైలు

నమస్తే అండీ. మాది చిలకలగూడ. తాతయ్య 1962లో కట్టించిన ఇంట్లో నేనూ అమ్మా ఉంటున్నాం. నాకు మాదాపూర్‌లో రాత్రి డ్యూటీ. పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంటాను. సరిగ్గా అప్పుడే తూర్పు కిటికీలోంచి ఎండ తిన్నగా నా మొహం మీదికి వస్తుంది. ఇన్నేళ్ళూ చౌకట్టుకు రెండు మేకులు కొట్టి, స్ప్రింగు తీగ మీద అమ్మ పాత చీర వేలాడదీశాం. చీర ఎండను ఆపదు, దాని రంగు మారుస్తుంది, అంతే. పోయిన నెల ఎర్ర చీర వేశాం. ఫోటోలు కడిగే చీకటి గదిలో పడుకున్నట్టుండేది.

ఇక లాభం లేదని బ్లాకౌట్ రోలర్ బ్లైండ్ చేయించాను. వెడల్పు ఐదున్నర అడుగులు, పైపుతో కలిపి మూడున్నర కిలోలు. శనివారం బిగించడానికి షాపు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. డ్రిల్ పెట్టాడు. అరంగుళం ప్లాస్టరు పోయాక చిర్ర్‌మని ఒకటే చప్పుడు, నిప్పురవ్వలు, మాడు వాసన. బయటికి తీస్తే బిట్ కొన ఎర్రగా ఉంది. కొత్త బిట్ వేసి రెండడుగులు పక్కకు జరిగి కొట్టాడు, మళ్ళీ అదే. మూడోసారి కాస్త పైకి పెట్టి కొడితే ఈసారి రెండున్నర అంగుళాలు హాయిగా లోపలికి పోయింది, ఆ తర్వాత మళ్ళీ చిర్ర్. "నై హోతా మేడమ్, అందర్ లోహా హై" అని సామాను సర్దుకున్నాడు. బిగింపు చార్జీ మాత్రం షాపు వాళ్ళు ముందే తీసుకున్నారు, తిరిగి ఇవ్వరట.

అమ్మనడిగితే తాపీగా ఇప్పుడు చెప్తోంది. "మీ తాతయ్య పాత రైలు పట్టాలు కొనుక్కొచ్చి కిటికీల మీదా దర్వాజల మీదా వేయించాడుగా. నీకు తెలీదా?" నాకెలా తెలుస్తుంది, సున్నం కొట్టి ఉంటే!

వేరే చోట బిగించమంటారేమో, అదీ ఆలోచించాను. కిటికీ రెక్కలు లోపలికి తెరుచుకుంటాయి కాబట్టి చౌకట్టుకు బిగిస్తే రెక్కలు కదలవు. కిటికీకి ఆరంగుళాల పైనే షాబాద్ బండ అటక ఉంది. దానికి కింది నుంచి కంత పెడితే బండ పగులుతుందని అమ్మ భయం. దాని మీద ఇత్తడి బిందెలున్నాయి మరి. ఎడమ పక్క నాలుగంగుళాలకే గోడ మూల. అంటే మిగిలింది ఆ ఆరంగుళాల పట్టీ ఒక్కటే, అందులోనే పట్టా ఉంది.

పట్టాకే కంత పెట్టొచ్చా? ఏ బిట్ కొనాలి? ఇంట్లో బావగారు వదిలేసి వెళ్ళిన 13 మి.మీ. డ్రిల్ మిషన్ ఉంది, వాడటం నాకు వచ్చు. ఇల్లు కూలదు కదా?

నాచారం నాని

అక్కా, డ్రిల్లింగ్ టెన్షన్ ఎందుకు? వీహెచ్‌బీ టేపు, అదే రెండు వైపులా గట్టిగా పట్టే టేపు, అంటించెయ్. మా ఆఫీసులో ఇనుప పార్టిషన్‌కి బ్లైండ్లన్నీ దాంతోనే నిలబడ్డాయి. లేదంటే నియోడిమియం అయస్కాంతాలు. ఇనుమే కదా, గట్టిగా పట్టేస్తాయి.

ఉప్పల్ బ్లైండ్స్‌వాలా

నాని భాయ్ చెప్పింది తప్పు కాదు కానీ ఈ మేడమ్‌కి పనికిరాదు. నేను పన్నెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నా. టేపుకి నున్నటి, శుభ్రమైన లోహం కావాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టిగా నొక్కి అంటించి, బరువు పెట్టకుండా మూడు రోజులు వదిలేయాలి. ఒక్క రోజుకి తొంభై శాతం పట్టు వస్తుంది, పూర్తిగా రావాలంటే 72 గంటలు. ఇక్కడ లోహం మీద అరంగుళం ప్లాస్టరు, దాని మీద అరవై ఏళ్ళ సున్నం పొరలు. టేపు సున్నాన్ని పట్టుకుంటుంది, సున్నం గోడను పట్టుకోదు. గొలుసు లాగిన మొదటి రోజే పొరతో సహా ఊడి వస్తుంది.

అయస్కాంతం సంగతీ అంతే. ప్యాకెట్ మీద రాసే కిలోలు నిటారుగా పీకితే వచ్చే లెక్క. పక్కకి జారే బలం ముందు అది అందులో కొంతే ఆగుతుంది. ఇక మధ్యలో ప్లాస్టరు అడ్డం ఉంటే చెప్పక్కర్లేదు.

మామూలుగా ఇనుప బాక్స్ పైపుకైతే నేను సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ వాడతా. కొన డ్రిల్ బిట్‌లా ఉంటుంది, అదే కంత పెట్టుకుని అదే మర తిప్పుకుంటుంది. కానీ నేను వాడే రకం మహా అయితే నాలుగైదు మి.మీ. మందం వరకే. రైలు పట్టా అంటే నేనూ చేతులెత్తేస్తా మేడమ్.

బోడుప్పల్ రవి

వెల్డింగ్ అబ్బాయిని పిలిచి రెండు ఎల్-యాంగిల్ ముక్కలు అతికించేయండి. ఐదు నిమిషాల పని.

పాత ఫిట్టర్, లాలాగూడ

రవీ, ఆ మాట ఆ అమ్మాయి విని వెల్డరును పిలవకముందే రాస్తున్నాను. రైలు పట్టాకు చిన్న వెల్డింగ్ ముక్క అతికించడం అన్నిటికన్నా చెడ్డ పని. పట్టాలో కార్బన్ రమారమి 0.6 నుంచి 0.8 శాతం ఉంటుంది. మన గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే మెత్తటి ఇనుములో అందులో మూడో వంతు కూడా ఉండదు. ముందుగా వేడెక్కించకుండా పట్టా మీద వెల్డింగ్ పెడితే, పక్కనున్న చల్లటి ఇనుము ఆ వేడిని ఒక్కసారిగా లాగేసుకుంటుంది, అతుకు అంచు గాజులా పెళుసుబారి పగులు పుడుతుంది. గోడను మోసే దూలానికి పగులు పెట్టడం దేనికి? పైగా పక్కన కర్ర చౌకట్టు, నిప్పురవ్వలు.

అమ్మాయ్ శైలూ, నేను లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టర్‌గా పని చేసి రిటైరయ్యాను. 1893లో నిజాం రైల్వే వాళ్ళు పెట్టిన వర్క్‌షాపు అది. మన చుట్టుపక్కల పేటల్లో పాత ఇళ్ళకు పట్టాలే దూలాలు. లైను మార్చినప్పుడు తీసిన పాత పట్టాలు వేలంలో తక్కువకి దొరికేవి.

నువ్వు రాసిన దాంట్లో అసలు సంగతి మూడో కంత. మొదటి రెండు అరంగుళానికే తగిలాయి, మూడోది కాస్త పైకి పెడితే రెండున్నర అంగుళాలు పోయింది. ఎందుకో ఆలోచించావా? పట్టా చదునైన బద్ద కాదు. అడ్డంగా కోసి చూస్తే కింద వెడల్పాటి పాదం, మధ్యలో సన్నటి నడుము, పైన బండ తల. పాదం వెడల్పు నాలుగు ముప్పావు అంగుళాలు, కొన్నిట్లో ఐదు పైన. నడుము మందం అరంగుళం. అంటే పాదం అంచు నుంచి నడుము దాకా రెండంగుళాల లోతున ఒక గూడు ఉంటుంది. తాపీ మేస్త్రీ ఆ గూట్లో సున్నమూ ఇటుక ముక్కలూ కూరి, పైన నున్నగా ప్లాస్టరు చేశాడు. ఆ అబ్బాయి మొదటి రెండుసార్లు పాదం అంచుకే కొట్టాడు. అది వేలెడు మందం కూడా ఉండదు. రెండు వేళ్ళు పైకి జరిపి ఉంటే గూట్లో పడేవాడు. మూడోసారి పడ్డాడు కానీ అర్థం చేసుకోలేదు.

కాబట్టి పట్టాకి కాదు, ముందు ఆ గూటికి బిగించి చూడు. ఒక అయస్కాంతానికి దారం కట్టి గోడ మీద కింది నుంచి పైకి జరుపు. పాదం దగ్గర లాగుతుంది, గూడు దగ్గర వదులవుతుంది, తల దగ్గర మళ్ళీ కొంచెం. రెండు గుర్తుల మధ్య పెన్సిలుతో గీత గీయి. అక్కడ 8 మి.మీ. తాపీ బిట్ పెట్టు, హ్యామర్ మోడ్ ఆపేసి నిదానంగా. పాత సున్నం గచ్చుకి హ్యామర్ పెడితే గూడంతా రాలిపోతుంది. రెండంగుళాల నైలాన్ ప్లగ్గు కొట్టి స్క్రూ బిగించి, చేత్తో గట్టిగా లాగి చూడు. నిలబడితే నీ పని అయినట్టే.

నిలబడకపోతే అప్పుడు నడుముకి కంత. పాదానికి మాత్రం వద్దు. పైన బరువు పడినప్పుడు దూలం పాదం సాగుతుంది, తల నొక్కుకుంటుంది, నడుము మధ్యలో లాగుడూ నొక్కుడూ దాదాపు ఉండవు. రెండు పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేట్ బోల్టులకి ట్రాక్ వాళ్ళే నడుములో అంగుళం కంతలు పెడతారు, వాటి మీదే రైళ్ళు పోతాయి. నీ 5 మి.మీ. కంతకి ఇల్లు కూలదు.

ఇనుముకి తాపీ బిట్ ఎందుకు ఓడిపోతుందంటే, దాని కొన కార్బైడే కానీ అంచు మొద్దు. రాయిని చితక్కొట్టడానికి చేసింది, ఇనుమును కోయడానికి కాదు. అది రుద్దుతుంది, కాలుతుంది. ఇంకో ప్రమాదం ఉంది. కొలిమిలో కాల్చిన కొడవలిని నీళ్ళలో ముంచితే ఎలా గట్టిపడుతుందో, ఆ రాపిడికి ఎర్రబడిన చోట పట్టా పైపొర అలా గట్టిపడిపోతుంది. పట్టా అంత పెద్ద ముద్ద కదా, దాని చల్లదనమే నీళ్ళు. అందుకని కాలిన చోట మళ్ళీ మొదలుపెట్టకు. అంగుళం పక్కకు జరుగు.

రాణిగంజ్‌కి వెళ్ళి ఇనుము కోసే 5 మి.మీ. కోబాల్ట్ హెచ్‌ఎస్‌ఎస్ బిట్ అడుగు, ఎం35 అని చెప్పు. రెండు తీసుకో. సెంటర్ పంచ్ ఒకటి, కంత లోపల మర కోయడానికి ఎం6 (6 మి.మీ.) హ్యాండ్ ట్యాపుల సెట్టు ఒకటి, వాటిని తిప్పడానికి పొడవు కాడ ఉన్న టీ హ్యాండిల్ ఒకటి. ముందు పంచ్‌తో చుక్క కొట్టు, లేకపోతే బిట్ జారిపోతుంది. మీ డ్రిల్ పూర్తిగా నొక్కితే మూడువేల చుట్లు తిరుగుతుంది. నీకు కావలసింది ఐదారు వందలు. ట్రిగ్గర్ సగం కూడా నొక్కకు, ఒంటి బరువంతా వెనకాల పెట్టు. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు, వేగంగా తిప్పి మెల్లగా ఆనిస్తారు. కటింగ్ ఆయిల్ లేకపోతే కొబ్బరినూనె చుక్కలు వేస్తూ ఉండు. ఇనుము చుట్టలు చుట్టలుగా రావాలి. పొడి రాలిందంటే బిట్ మొద్దుబారిందని లెక్క, ఆపెయ్. కళ్ళద్దాలు లేకుండా మాత్రం మొదలుపెట్టకు. మా సెక్షన్‌లో ఒకాయన కంట్లో అలాంటి చుట్ట పడింది. ఆ సంగతి ఇంకోసారి.

నైట్‌షిఫ్ట్ శైలు

బాబాయ్ గారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. అమ్మకి చదివి వినిపించాను కూడా. "మీ తాతయ్య ఉంటే ఇలాగే చెప్పేవాడు" అంది. కానీ ఆయన ఉన్నప్పుడు మనం అడగలేదు కదా.

అయస్కాంతం దొరక్క ఫోన్‌లో దిక్సూచి యాప్ తెరిచి గోడ మీద జరిపాను. పాదం దగ్గరికి రాగానే ముల్లు పిచ్చెక్కినట్టు తిరిగింది. గీతలు గీశాను. కింది గీతకీ పై గీతకీ మధ్య మూడు వేళ్ళ ఖాళీ వచ్చింది. ఆదివారం ఉత్సాహంగా రాణిగంజ్ వెళ్తే షట్టర్లన్నీ దించి ఉన్నాయి. సోమవారం డ్యూటీ దిగి, క్యాబ్ అక్కడే ఆపించుకుని తెచ్చాను. షాపాయన ఎం35 పేరు వినగానే "ఎవరు పంపించారమ్మా?" అని అడిగి, ట్యాపుల్లో మూడూ ఉన్నాయో లేదో తనే చూసి ఇచ్చాడు.

మణికొండ కొత్త కాపురం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది కొత్త ఫ్లాటు, అల్యూమినియం స్లైడింగ్ కిటికీ. ఫ్రేముకే బ్లైండ్ బిగించొచ్చా? మాకు మూడేళ్ళ బాబు ఉన్నాడు.

ఉప్పల్ బ్లైండ్స్‌వాలా

బిగించొచ్చు సార్, కానీ ఫ్రేము లోపల బోలు. పొడవు స్క్రూ వేస్తే అద్దం అంచుకో, అద్దం జరిగే ట్రాకుకో తగులుతుంది. నేను అరంగుళం స్క్రూలే వేస్తా, లేదంటే పాప్ రివెట్. స్టెయిన్‌లెస్ స్క్రూ వేస్తే కింద నైలాన్ వాషర్ పెట్టండి. విశాఖ లాంటి ఉప్పుగాలిలో ఆ రెండు లోహాలు కలిసిన చోట అల్యూమినియం తెల్లగా పొడి పొడి అవుతుంది, మన దగ్గర అంత భయం లేదు. పైన కాంక్రీట్ లింటెల్ ఉంటే మాత్రం దానికే బిగించుకోండి, ఫ్రేము జోలికి పోవద్దు.

బాబు ఉన్నాడన్నారు కాబట్టి గొలుసు సంగతి. కింద ఊగుతూ వదలకండి, ఉయ్యాలలా మెడకి చుట్టుకుంటుంది. గొలుసు కింది కొనని గోడకు బిగించే చిన్న క్లిప్ బ్లైండ్‌తోనే ఇస్తారు, చాలామంది దాన్ని కవర్లోనే పారేస్తారు. మంచం కిటికీ కిందుంటే జరపండి. శైలు మేడమ్, మీ ఇంటికి పిల్లలు వస్తారా?

నైట్‌షిఫ్ట్ శైలు

అక్క కొడుకు వేసవి సెలవులకి వస్తాడు అన్నా, వాడికి నాలుగేళ్ళు. మీరు చెప్పాక కవర్ వెతికాను, క్లిప్ అందులోనే ఉంది. బిగించాను.

ఇక అసలు కథ. మంగళవారం వీక్లీ ఆఫ్. ఎడమ పక్క గూట్లో 8 మి.మీ. బిట్ పెడితే వెన్నలా పోయింది. రెండు ప్లగ్గులు కొట్టి స్క్రూలు బిగించి లాగాను, కదల్లేదు. అరగంటలో సగం పని అయిపోయిందని అమ్మకి టీ కూడా పెట్టి ఇచ్చాను.

కుడి పక్క మొదలుపెట్టగానే గూడు బొలబొలా రాలింది. సున్నం, ఇటుక ముక్కలు, ఒక బీడీ ముక్క కూడా. 1962 నాటి మేస్త్రీదే అయి ఉంటుంది. నా పిడికిలి పట్టేంత బొక్క పడింది. అమ్మ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది, అది ఇంకా భయం. టార్చి వేస్తే వెనకాల పట్టా నడుము నల్లగా కనిపించింది. తుప్పు పెద్దగా లేదు. అరవై ఏళ్ళు గోడలో ఉండి కూడా.

పంచ్ కొట్టాను, కళ్ళద్దాలు పెట్టుకున్నాను, కొబ్బరినూనె వేశాను. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగలేదు బాబాయ్ గారూ. ఉత్త నలుపు. నిచ్చెన మీద నిలబడి తల ఎత్తి నెడుతుంటే చేతులు పడిపోయాయి. అలవాటు చొప్పున ట్రిగ్గర్ గట్టిగా నొక్కుతున్నానని అప్పుడు గుర్తొచ్చింది. తగ్గించి, డ్రిల్ వెనక అరచెయ్యి ఆనించి ఒంటి బరువు వేశాను. సన్నటి వెండి చుట్ట ఒకటి బిట్ మీదుగా బయటికి వచ్చింది. దాన్ని చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను, నిచ్చెన దిగి అమ్మకి చూపించాను. మొత్తం పావుగంట పట్టింది. మధ్యలో ఒక బిట్ కొన విరిగింది, మీరు రెండు కొనమన్నది అందుకే అని అర్థమైంది.

మర కొట్టడం డ్రిల్లింగ్ కన్నా కష్టం. సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి అని షాపాయన చెప్పి పంపాడు. వెనక్కి తిప్పినప్పుడు టక్‌మని ముక్క తెగే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు రాకముందే ముందుకి తోస్తే ట్యాపు లోపలే విరుగుతుందట. మూడు ట్యాపులూ పోయేసరికి మధ్యాహ్నం రెండయింది.

తర్వాత ఎం6 మరల రాడ్‌ని మూడున్నర అంగుళాలు కోసి నడుముకి బిగించాను. దాని చుట్టూ బొక్కలో ఒకటికి మూడు పాళ్ళ సిమెంటు, ఇసుక కూరి, మూడు రోజులు తడి గుడ్డ ఆనించి వదిలేశాను. శుక్రవారం బ్రాకెట్ రాడ్‌కి ఎక్కించి, వాషర్ వేసి నట్టు బిగించాను. బ్రాకెట్ రెండో కంతకి ఆ కొత్త సిమెంటులోనే ప్లగ్గు. బ్లైండ్ ఎక్కింది. స్పిరిట్ లెవెల్ లేదు, గ్లాసులో నీళ్ళు పోసి పైపు మీద పెట్టి చూశాను. కుడి వైపు పిసరంత ఎత్తు. నాకు తప్ప ఎవరికీ కనిపించదు.

శనివారం ఏడింటికి పడుకుని మూడింటికి లేచాను. లేవగానే టైమెంతో తెలియలేదు.

పాత ఫిట్టర్, లాలాగూడ

శభాష్ అమ్మాయ్. నిచ్చెన మీద నిలబడి తల ఎత్తి మర కొట్టడం మా అప్రెంటిస్‌లకే వచ్చేది కాదు. ట్యాపులకి నూనె రాసి గుడ్డలో చుట్టి దాచిపెట్టు, తుప్పు పట్టనియ్యకు.

ఒక్క మాట అడుగుతాను. పట్టా నడుము మీద ఉబ్బెత్తుగా అక్షరాలు ఉంటాయి. చేసినవాళ్ళ పేరు, సంవత్సరం, గజానికి ఎన్ని పౌండ్ల బరువో. ఆ బొక్కలో ఏమైనా కనిపించిందా?

నైట్‌షిఫ్ట్ శైలు

అయ్యో, ముందే అడగాల్సింది! సిమెంటు కూరేశాను కదా. కానీ కూరే ముందు ఫోన్‌లో ఫోటో తీశాను, ఇప్పుడు పెద్దది చేసి చూస్తున్నాను. 75 అని స్పష్టంగా ఉంది. దాని పక్కన ఆర్ లాంటిదేదో, తర్వాత సున్నం పట్టేసింది.

పాత ఫిట్టర్, లాలాగూడ

గజానికి 75 పౌండ్లు. అంటే మీటరుకి 37 కిలోలు. మీ తాతయ్య ఆ కిటికీ మీద వేసింది ఏడడుగుల ముక్క అనుకున్నా ఎనభై కిలోల దాకా ఉంటుంది. మూడున్నర కిలోల బ్లైండ్ దానికి ఈగ వాలినట్టు కూడా తెలీదు. సంవత్సరం తెలిస్తే బాగుండేది.

నైట్‌షిఫ్ట్ శైలు

వంటింటి కిటికీ మీద కూడా అదే పట్టా బాబాయ్ గారూ. అక్కడ ప్లాస్టరు ఎలాగూ ఉబ్బింది, కాస్త గీకి చూద్దామా అని అమ్మనడిగాను. "ముందు ఆ అటక మీద బిందెలకి పట్టిన సున్నం తుడువు" అంది.